పోకర్‌లో ఎంత బెట్ వెయ్యాలి? నో లిమిట్ హోల్డెమ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు

హోల్డెమ్ నియమాలు వచ్చేశాక అందరూ అడిగేది ఒకటే: "నా చేతిలో రెండు రాజులు ఉన్నాయి, ఎంత వెయ్యాలి?" పాట్‌లో (మధ్యలో పోగైన చిప్స్‌లో) ఎంతుందో, మీ ముందు ఎన్ని చిప్స్ మిగిలాయో, ఇంకా ఎంతమంది ఆటలో ఉన్నారో చెప్పకపోతే దీనికి జవాబు లేదు. రాజుల సంగతి చివర్లో చూసుకోవచ్చు. ముందు పాట్, తర్వాత నేల మీద పరిచిన ముక్కలు, ఆ తర్వాతే మీ ముక్కలు. ఈ వరస అలవాటైతే బెట్ సైజు సగం వచ్చినట్టే.

తీన్ పత్తీ ఆడి ఇటు వచ్చినవాళ్లకు మొదట్లో ఇది మింగుడు పడదు. అక్కడ మీ చాల్ అంతకుముందు నడుస్తున్న చాల్‌ని బట్టి ఉంటుంది, మధ్యలో ఎంత పోగైందో లెక్కపెట్టే పని లేదు. నో లిమిట్‌లో (బెట్‌కి పై హద్దు లేని ఆటలో) లెక్క మొదలయ్యేదే ఆ పోగు దగ్గర.

డబ్బు గురించి ఒక మాట చెప్పి అసలు విషయంలోకి వెళ్తాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను ఆపేశాయి. ఇంట్లోనో తోటలోనో డబ్బుతో పేకాడుతూ దొరికితే కేసులు ఎలాగూ పెడుతున్నారు. కింద చెప్పినదంతా ఉత్త చిప్స్‌తో నేర్చుకునేదే. గోవా క్యాసినోలో గానీ, అమెరికాలో ఉంటే అక్కడి కార్డ్ రూముల్లో గానీ ఆడదామనుకునేవాళ్లు కూడా ముందు ఇంట్లో ఇవి నేర్చుకుని వెళ్లండి.

కావలసినవి

- ఒక పేక కట్ట.
- మనిషికి 1000 విలువైన చిప్స్: 5వి ఇరవై, 25వి పన్నెండు, 100వి ఆరు. చిప్స్ లేకపోతే చింతగింజ 5, గవ్వ 25, క్యారమ్ కాయిన్ 100 అనుకోండి. విలువను బట్టి వస్తువు మారాలి, అంతే. అన్నీ చింతగింజలే అయితే పాట్ లెక్కపెట్టలేరు.
- ఒక నోటుబుక్కు, పెన్ను.
- నలుగురు. దొరక్కపోతే ఒక్కరే ముక్కలు పరుచుకుని సాధన చెయ్యొచ్చు, ఎలాగో కింద చెప్తాను.

బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే బెట్లు: స్మాల్, బిగ్) 5, 10 పెట్టుకోండి. అంటే ఒక్కొక్కరి దగ్గర వంద బిగ్ బ్లైండ్స్ ఉన్నట్టు. కింద లెక్కలన్నీ దీని మీదే.

1. పాట్ పైకి చెప్పండి

మొదటి నాలుగైదు రోజులు ప్రతి బెట్‌కి ముందు పాట్ ఎంతుందో పైకి చెప్పి ఆడండి. మీరు 30కి రైజ్ చేశారు (పెంచారు), బిగ్ బ్లైండ్ కాల్ చేశాడు (అంతే పెట్టి ఆటలో ఉన్నాడు), స్మాల్ బ్లైండ్ 5 వదిలేసి ముక్కలు పడేశాడు. పాట్ 65. అందరూ వినేలా చెప్పండి, తప్పయితే పక్కవాళ్లు సరిదిద్దుతారు. అంకె కచ్చితంగా ఉండక్కర్లేదు, 370ని 365 అన్నా నష్టం లేదు. 365ని 250 అనుకుంటేనే తర్వాత వేసే సైజులన్నీ తప్పుతాయి.

2. ఫ్లాప్‌కి (నేల మీద మొదట పరిచే మూడు ముక్కలకి) ముందు: ఒకే సైజు, ఏ ముక్కలైనా

- మీరే మొదట రైజ్ చేస్తుంటే 3 బిగ్ బ్లైండ్స్, అంటే 30.
- మీకంటే ముందు ఎవరైనా ఉత్త 10 పెట్టి వచ్చి ఉంటే మనిషికి ఇంకో 10 కలపండి. ఇద్దరు వచ్చారా, 50.
- ఎవరో 30కి రైజ్ చేశారు, మీరు మళ్లీ పెంచాలి. ఫ్లాప్ తర్వాత వాళ్ల వెనక మాట్లాడే స్థానంలో ఉంటే మూడింతలు, 90. బ్లైండ్స్‌లో కూర్చుని ముందుగా మాట్లాడాల్సి వస్తే నాలుగింతలు, 120.

ఆసుల జతకీ 30, 8–7కీ 30. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఆసులు వస్తే 80 వేస్తారు, జాకీల జతకి భయమేసి 60, మామూలు ముక్కలకి 25. గంట ఆడేసరికి టేబుల్ మొత్తానికి మీ ముక్కలు తెలిసిపోతాయి. ముక్కలు నచ్చకపోతే రైజ్ మానేసి ఫోల్డ్ చెయ్యండి (పడెయ్యండి). ఆడదామనుకుంటే మాత్రం సైజు మార్చకండి.

మీ బృందంలో 30కి నలుగురూ కాల్ చేస్తున్నారా? ఇంటి ఆటల్లో మామూలే. అప్పుడు 40కో 50కో మారండి, కానీ అన్ని ముక్కలకీ కలిపి మారండి. అమెరికా కార్డ్ రూముల్లో 1–3 డాలర్ల టేబుళ్ల దగ్గర 10, 15 డాలర్ల రైజులు కనిపించేది ఇందుకే. ఉచిత యాప్‌లలో అయితే ఎంత వేసినా కాల్ చేసేవాళ్లే ఎక్కువ. అక్కడ బ్లఫ్ (ఏమీ లేకుండా బెట్ వేసి బెదరగొట్టడం) సాధన చేసి లాభం లేదు.

3. ఫ్లాప్ నుంచి మూడే సైజులు

మూడో వంతు, మూడింట రెండు వంతులు, పాట్ అంత. ప్రస్తుతానికి ఇవి చాలు. సగం, ముప్పాతిక, పాట్‌కి రెండింతలు అన్నీ ఉన్నాయి గానీ అవన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఏదీ పట్టుబడదు.

పాట్ 60 అనుకోండి. మీరు వేసే ప్రతి బెట్ కూరగాయల బండి దగ్గర చెప్పే ధర లాంటిది, తర్వాతి ముక్క చూడాలంటే ఎదుటివాడు ఆ ధర కట్టాలి.

- 20 వేస్తే: 80 కోసం వాడు 20 పెట్టాలి. నూటికి 20 సార్లు గెలిస్తే వాడికి సరిపోతుంది. మీది ఉత్త బ్లఫ్ అయితే వాడు నూటికి 25 సార్లు పడేస్తే మీకు నష్టం లేదు.
- 40 వేస్తే: వాడికి కావలసింది 29 శాతం. బ్లఫ్‌కి మీకు కావలసింది 40 శాతం ఫోల్డులు.
- 60 వేస్తే: వాడికి 33 శాతం, మీకు 50 శాతం.

ఈ ఆరు అంకెలూ నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. సూత్రం కంఠతా పట్టక్కర్లేదు. అనుమానం వస్తే ఇలా లెక్కించండి: కాల్ చెయ్యడానికి పెట్టే మొత్తాన్ని, ఆ కాల్ కూడా కలిపాక అయ్యే మొత్తం పాట్‌తో భాగించాలి.

4. సైజుని నేల మీది ముక్కలు చెప్పాలి

ఇదే అసలు మెట్టు, తొందరపడకండి. ఫ్లాప్ పడగానే ఒక్క ప్రశ్న వేసుకోండి: తర్వాతి ముక్కతో పరిస్థితి తిరగబడే అవకాశం ఎంత?

పొడి ఫ్లాప్: ఇస్పేటు రాజు, డైమండ్ 7, కళావరు 2. మూడూ మూడు గుర్తులు, స్ట్రెయిట్‌కి (వరసగా అయిదు ముక్కలకి) దారి లేదు. ఇప్పుడు వెనకున్నవాడు తర్వాతి ముక్కతో ముందుకి దూకడం కష్టం. పాట్ 65లో 20 చాలు. ఏమీ తగలనివాడు 20కైనా పడేస్తాడు, 65కైనా పడేస్తాడు. అలాంటప్పుడు ఎక్కువ పెట్టడం దండగ.

తడి ఫ్లాప్: ఆటీను జాకీ, ఆటీను 10, కళావరు 8. ఆటీన్ల ఫ్లష్ (ఒకే గుర్తు అయిదు ముక్కలు) కోసం చూసేవాళ్లు, రాణి–9 గానీ 9–7 గానీ చేతిలో పెట్టుకుని స్ట్రెయిట్ అయిపోయినవాళ్లు, రాణి పెట్టుకుని ఎదురుచూసేవాళ్లు అందరూ ఉండొచ్చు. ఇక్కడ వేస్తే 45 వెయ్యండి, లేదా 65.

కారణం అంకెల్లో చూడండి. చేతిలో రెండు ఆటీన్లు ఉన్నవాడికి ఇంకా 9 ఆటీన్లు మిగిలాయి, కనపడని ముక్కలు 47. తర్వాతి ముక్కే ఆటీన్ అయ్యే అవకాశం 19 శాతం. మీరు 20 వేస్తే వాడికి కావలసింది దాదాపు అంతే, సంతోషంగా కాల్ చేస్తాడు. 45 వేస్తే 29 శాతం కావాలి, వాడి దగ్గర ఉన్నది 19. కాల్ చేసిన ప్రతిసారీ వాడు మీకు కొంత ఇచ్చుకుంటున్నట్టే. "రెండు ముక్కలు చూస్తే 35 శాతం కదా" అని ఎవరైనా అంటారు. నిజమే, కానీ టర్న్‌లో (నేల మీద నాలుగో ముక్క పడ్డాక) మళ్లీ డబ్బు కట్టకుండా రెండో ముక్క చూడనిస్తేనే ఆ లెక్క. ఫ్లష్ పడ్డాక మీ దగ్గర ఇంకా లాగగలడన్న ఆశ కూడా వాడి కాల్‌లో కలిసి ఉంటుంది. అందుకే మూడో ఆటీన్ పడ్డాక కళ్లు మూసుకుని కట్టకండి.

హెచ్చరికలు రెండు. ఒకటి, పొడి ఫ్లాప్‌లో 20 వేద్దామనుకుంటే ఆసు–రాజు ఉన్నా 20, ఏమీ తగలని రాణి–జాకీ ఉన్నా 20. తగిలితే 45, తగలకపోతే 20 అనే అలవాటు చేసుకుంటే రెండో మెట్టులో దాచిన రహస్యం ఇక్కడ బయటపడుతుంది. రెండు, 7–6–5 లాంటి ఫ్లాప్ బిగ్ బ్లైండ్‌లో కాల్ చేసినవాడికే ఎక్కువ కలిసొస్తుంది, రైజ్ చేసిన మీకు కాదు. అక్కడ ఏమీ లేకుండా ఆసు–రాజు పెట్టుకుని బెట్ వెయ్యాలని లేదు, చెక్ చెయ్యండి (బెట్ లేకుండా వదిలెయ్యండి).

ముగ్గురు, నలుగురు ఉంటే బ్లఫ్ దాదాపు మర్చిపోండి. ఎదుట ముగ్గురున్నారు, ఒక్కొక్కరూ సగం సార్లు పడేస్తారనుకున్నా ముగ్గురూ కలిసి పడేసేది ఎనిమిదింట ఒక్కసారే. అంతమంది మధ్య బెట్ వేస్తే నిజంగా ఉండి వెయ్యండి, పెద్ద సైజు వెయ్యండి.

5. మిగిలిన చిప్స్ వైపు ఒక చూపు

పాట్ 65, మీ ఇద్దరి దగ్గరా 970 చొప్పున ఉన్నాయి. ఫ్లాప్, టర్న్, రివర్ (చివరిదైన అయిదో ముక్క) మూడుసార్లూ మీరు వేస్తారు, వాడు కాల్ చేస్తాడు. మొత్తం ఎంత వెళ్తుందో చూడండి.

- ప్రతిసారీ మూడో వంతు: 20, 35, 60. మొత్తం 115.
- ప్రతిసారీ మూడింట రెండు వంతులు: 45, 105, 245. మొత్తం 395.
- ప్రతిసారీ పాట్ అంత: 65, 195, 585. మొత్తం 845.

ఒక్క చిప్ కూడా దొంగలెక్క లేదు, చేత్తో వేసి చూసుకోండి. ఫ్లాప్‌లో 20కీ 65కీ తేడా 45 చిప్సే. రివర్ దాటేసరికి ఆ తేడా 730 అయింది. బలమైన హ్యాండ్ పట్టుకుని "వాడు పారిపోతాడేమో" అని ఫ్లాప్‌లో, టర్న్‌లో చిల్లర వేసి, రివర్‌లో ఒక్కసారిగా 850 తోస్తే ఎవరు కాల్ చేస్తారు? పాట్ పెంచుకోవాలంటే ఫ్లాప్ నుంచే మొదలుపెట్టాలి.

దీని రెండో వైపు కూడా ఉంది. పాట్ 400, మీ దగ్గర మిగిలింది 330. ఇప్పుడు 265 వేసి 65 చేతిలో ఉంచుకోవడంలో అర్థం లేదు, రైజ్ వస్తే ఆ 65 కోసం ఎలాగూ పడెయ్యలేరు. వేస్తే మొత్తం తొయ్యండి, లేదా చెక్ చెయ్యండి.

6. ఎదుటివాడి బెట్ మీద పెంచేటప్పుడు

వాడు వేసినదానికి మూడింతలు. ముందు మాట్లాడే స్థానమైతే ఇంకొంచెం ఎక్కువ. నియమం ప్రకారం రెట్టింపు చేస్తే చాలు కదా అని కొత్తవాళ్లు రెట్టింపే చేస్తారు. పాట్ 100, వాడు 50 వేశాడు, మీరు 100కి పెంచారు. వాడు ఇంకో 50 పెడితే చాలు, దానికి అప్పటికే 250 ఉంది. నూటికి 17 సార్లు గెలిస్తే వాడికి గిట్టుబాటు. ఆ ధరకి ఎవరూ వదలరు. 150కి పెంచితే వాడికి 25 శాతం కావాలి, 180కి పెంచితే 28.

టేబుల్ మర్యాద కూడా ఇక్కడే చెప్పేస్తాను, గోవాలోనో వేగాస్‌లోనో నిజం టేబుల్ దగ్గర పనికొస్తుంది. చిప్స్ ముట్టకముందే "రైజ్, 150" అని నోటితో చెప్పండి. "నీ 50 కాల్... ఇంకో వంద" అని సినిమాలో లాగా అంటే కాల్ మాత్రమే లెక్కలోకి వస్తుంది. ఏమీ చెప్పకుండా ఒకే పెద్ద చిప్ ముందుకి నెడితే అది కూడా కాల్ కిందే. కొన్ని కొన్నిగా రెండు మూడు విడతల్లో చిప్స్ పెడితే మొదటి విడతే చెల్లుతుంది. కనీస రైజు అంటే అంతకుముందు పెరిగినంత పెరగాలి: 30ని ఎవరో 90 చేశారంటే 60 పెంచారు, తర్వాతివాళ్లు కనీసం 150 చెయ్యాలి.

7. రివర్‌లో ప్రశ్న మారుతుంది

ఇంక రావాల్సిన ముక్క లేదు కాబట్టి ధర చెప్పి ఎవరినీ ఆపేది లేదు. ఇక్కడ మాత్రం మీ ముక్కలు లెక్కలోకి వస్తాయి. నాకంటే చిన్న హ్యాండ్ ఏది కాల్ చేస్తుంది? పేర్లు చెప్పుకోండి. రెండు మూడు పేర్లు కూడా రాకపోతే చెక్. బ్లఫ్ అయితే, నిజంగా పెద్ద హ్యాండ్ ఉంటే ఎంత వేసేవారో అంతే వెయ్యండి. పాట్ 365లో 50 పెట్టి బ్లఫ్ చేస్తే ఎవరూ కదలరు.

ఒక హ్యాండ్ మొత్తం చూద్దాం. మీరు బటన్ మీద (ఫ్లాప్ తర్వాత అందరికంటే చివర మాట్లాడే స్థానంలో), చేతిలో ఆటీను రాజు, డైమండ్ రాణి. 30కి రైజ్, బిగ్ బ్లైండ్ కాల్. పాట్ 65.

ఫ్లాప్: ఇస్పేటు రాజు, ఇస్పేటు 9, కళావరు 6. వాడు చెక్. మీకు రాజుల జత, నేల మీద రెండు ఇస్పేట్లు, కొంచెం స్ట్రెయిట్ వాసన. 45 వేశారు, కాల్ చేశాడు. పాట్ 155.

టర్న్: డైమండ్ 2. ఏమీ మారలేదు. చెక్, 105, కాల్. పాట్ 365, మీ దగ్గర 820.

రివర్: ఇస్పేటు 4. వాడు చెక్ చేశాడు. ఇప్పుడు మళ్లీ 245 వెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగి పేర్లు చెప్పుకోండి. చిన్నవి: రాజు–జాకీ, రాజు–10, 9ల జత పట్టుకుని వేలాడుతున్నవాడు. పెద్దవి: ఇప్పుడే పడ్డ ఫ్లష్, రాజు–9, ఆసు–రాజు. 245కి 9ల జత పారిపోతుంది, రాజు–10 కూడా ఆలోచిస్తాడు. మిగిలేవి ఎక్కువగా మిమ్మల్ని ఓడించేవే. 120 వేస్తే చిన్నవి ఇంకా ఉంటాయి. నేనైతే చివరిదాకా వదలని రకం మనిషి మీద 120 వేస్తాను, రైజ్ చేస్తే నోరు మూసుకుని పడేస్తాను. జాగ్రత్తగా ఆడే మనిషైతే చెక్ చేసి ముక్కలు చూపిస్తాను. బెట్ వేశాక కాల్ చేసేవాటిలో సగానికి మించి మీకంటే చిన్నవి ఉంటాయనిపిస్తేనే వెయ్యాలి.

ఎక్కువగా జరిగే తప్పులు

పాట్ పెరిగినా పాత అంకెల్లోనే ఉండిపోవడం. ఫ్లాప్‌లో 50 పెద్దదే, పాట్ 400 అయ్యాక అదే 50 వేస్తే వాడికి నూటికి 10 సార్లు గెలిస్తే చాలు.

భయంతో ఆల్ ఇన్. పాట్ 65లో 970 తోసి "ఫ్లష్ రానివ్వకూడదని" అంటారు. బ్లఫ్‌గా చూసినా నూటికి 94 సార్లు పడేస్తే గానీ గిట్టదు. మంచి హ్యాండ్‌గా చూస్తే మీకంటే పెద్దది ఉన్నవాడే కాల్ చేస్తాడు.

సైజుతో మాట్లాడటం. వాడి బెట్ చిన్నది కాబట్టి బలహీనుడనీ, మనది పెద్దది కాబట్టి భయపడతాడనీ అనుకోవడం. కొంతమంది ఫుల్ హౌస్ తగిలితేనే చిల్లర వేస్తారు. మనిషిని చూడకుండా అర్థం తీయకండి.

ఒక్కరే సాధన చెయ్యాలంటే

కట్ట కలిపి మూడు ముక్కలు తిప్పండి. పాట్‌కి ఏదో ఒక అంకె అనుకోండి: 65, 155, 380. అయిదు సెకన్లలో మూడు సైజులూ చెప్పాలి, దగ్గరి 5కి సర్దుకోవచ్చు. 380కి 125, 255, 380. తర్వాత పొడిదా తడిదా అని, ఏ సైజు అని చెప్పండి. అప్పుడు మాత్రమే మీ రెండు ముక్కలు తిప్పి చూడండి. చూశాక సైజు మార్చాలనిపిస్తే ఎందుకో రాయండి. "ముక్కలు బాగున్నాయి" తప్ప ఇంకో కారణం దొరక్కపోతే మార్చకండి.

సరిగా వస్తోందా లేదా ఎలా తెలుస్తుంది?

గెలుపోటములతో తెలియదు. ఒక సాయంత్రం ఆటలో ముక్కల అదృష్టమే ఎక్కువ, సరైన సైజులతోనూ ఓడిపోతారు. నోటుబుక్కులో ఒక్కో బెట్‌కి అయిదు గడులు పెట్టండి: పాట్, బెట్, ఎన్నో వంతు, నేల మీది ముక్కలు, మీ ముక్కలు.

ఆట అయ్యాక చివరి గడి కాగితంతో కప్పేసి మీతో ఆడినవాళ్లకు ఇవ్వండి. ఫ్లాప్ బెట్ సైజు, నేల మీది ముక్కలు చూసి "గట్టి హ్యాండ్", "ఏమీ లేదు" అని ఊహించమనండి. వాళ్లు మూడొంతులు సరిగ్గా చెప్పేస్తుంటే మీ సైజు మీ ముక్కల్ని చెప్పేస్తోంది, రెండో మెట్టుకీ నాలుగో మెట్టుకీ తిరిగి వెళ్లండి. సగం సగం తప్పుతుంటే బాగా వచ్చినట్టు.

రెండో పరీక్ష: "ఎన్నో వంతు" గడిలో మూడు సైజులు కాక వేరే అంకెలు ఎన్ని ఉన్నాయో చూడండి. అయిదో వంతు, పదో వంతు కనిపిస్తే పాట్ లెక్కపెట్టకుండా వేసినవి అవే. అవి ఎక్కువగా రివర్‌లోనే ఉంటే పాట్ పెరిగాక కంగారు పడుతున్నారని. కొన్ని రోజులు రివర్‌కి ముందు మళ్లీ పాట్ పైకి చెప్పడం మొదలుపెట్టండి.

టోర్నమెంట్ ఆడేవాళ్లకు ఈ లెక్కలు కొంచెం మారతాయి. బ్లైండ్స్ పెరిగి మీ దగ్గర 30, 40 బిగ్ బ్లైండ్స్ మిగిలాక మొదటి రైజ్ 2 నుంచి 2.2 బిగ్ బ్లైండ్స్‌కి దింపండి. 10 దగ్గరికి వచ్చేశాక సైజు ప్రశ్నే ఉండదు: ఆల్ ఇన్ లేదా ఫోల్డ్. పాట్‌కి మించిన బెట్లు మాత్రం నోటుబుక్కులో రెండో పరీక్ష శుభ్రంగా దాటేదాకా ముట్టుకోకండి.